ముప్పై తొమ్మిది దాటితే

సంచిలో అన్నిటికంటే ముందు సుందరి గొడుగు పెట్టింది. పెట్టి, మళ్లీ తీసింది. అడుగున పడి ఉన్న గొడుగు ఎండలో ఎవరికి గుర్తొస్తుంది? లుంగీలు రెండు, బనియన్లు మూడు, తడిపి తలకి చుట్టుకోవడానికి తువ్వాళ్లు నాలుగు, ఉప్పూ పంచదారా కలిపి కట్టిన పొట్లాలు ఇరవై సర్ది, గొడుగు వాటి మీద అడ్డంగా పెట్టింది. చెయ్యి పెడితే మొట్టమొదట అదే తగలాలి. పొట్లాలు రోజుకి రెండు చొప్పున పది రోజులకి. పదకొండో రోజు గుర్తొచ్చి ఇంకో రెండు కట్టింది. పన్నెండో రోజు కూడా గుర్తొచ్చింది గానీ, దాన్ని తలుచుకోవడానికి భయమేసి సంచి మూతి ముడిచేసింది.

బయట అరుగు మీద ఆమె భర్త పెద్దిరాజు ఎండలో కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. అది మే నెల. పొద్దున్న తొమ్మిదికే ఆ అరుగు మీద కాకి వాలడం లేదు.

"ఒరేయ్, కాస్త నీడకి జరగరా! బుర్ర వేగిపోద్ది," అని లోపల్నుంచి అతని తల్లి వెంకాయమ్మ అరిచింది.

"పర్లేదమ్మా. చల్లగానే ఉంది."

"చల్లగా ఉందంట! ఏమ్మాయ్, విన్నావా నీ మొగుడి మాట? కాశ్మీరంలో కూచున్నాడు పిల్లోడు, దుప్పటి కప్పు."

సుందరి నవ్వలేదు. పాత తువ్వాలులో చుట్టిన గాజు కడ్డీ తీసుకుని అరుగు మీదికి వెళ్లింది. ఇద్దరూ పనిచేసే చేపల ల్యాబులో వాడే థర్మామీటరు అది. అందరూ కడ్డీ అనే అంటారు. ఆమె అడక్కుండా తెచ్చింది. ఏడేళ్లలో ఆ ల్యాబునుంచి సూది కూడా ఇంటికి తేని మనిషి.

"మావా, తినడం ఆపి ఇటు చూడు. నీకిప్పుడు ఎండ తెలీదు. ఒళ్లు కాలిపోతున్నా తెలీదు. అందుకని గంటకోసారి వేడి చూసుకో. ముప్పై తొమ్మిది దాటిందా, ఎక్కడి పని అక్కడ పారేసి ఒడ్డుకి వచ్చెయ్యి. నీడలో కూచో, తల తడుపుకో, నాకు ఫోను చెయ్యి. ఈ పుస్తకంలో టైమేసి రాయి."

"ఎప్పుడూ చేసే పనేగా," అన్నాడు పెద్దిరాజు. కడ్డీ తీసుకుని చొక్కా జేబులో పెన్నులా పెట్టుకున్నాడు.

"ఎంత దాటితే?"

"ముప్పై తొమ్మిది దాటితే ఒడ్డుకి. తెలిసిందే సుందరీ." చిరునవ్వు నవ్వాడు. అతని గోళ్లు పదీ లేత అరిటాకుల్లా పచ్చగా ఉన్నాయి. ఎంత తోమినా పోని పచ్చ అది.

ఆ పచ్చ రెండు నెలల కిందటిది.

కొల్లేటి ఒడ్డున ఆ ల్యాబు పెట్టిన రోజుల్లో వేసవి ఇలా ఉండేది కాదు. తర్వాత ఏటేటా చెరువుల నీళ్లు కాగుతూ వచ్చాయి. ముప్పై రెండు, ముప్పై నాలుగు, ముప్పై ఆరు. కొర్రమీను మొండి జాతి. నీళ్లలో ఊపిరాడకపోతే పైకొచ్చి గాలి పీల్చుకుని బతుకుతుంది. అందుకే వేడికి చావలేదు. చచ్చి ఉంటే బాగుండేదని రైతులు ఏడ్చారు. చావకుండా, ఒకదాన్నొకటి తినడం మొదలెట్టాయి. వెయ్యి పిల్లల్ని వదిలిన చెరువులో వల వేస్తే డెబ్భై చేపలొచ్చేవి, అందులో తోక ఉన్నవి ముప్పై.

డాక్టర్ కృపావరం ఆ ల్యాబుకి పెద్ద. డాక్టరంటే చేపల డాక్టరు. సుందరి పని అద్దం ముందు. గాజు తొట్టెలో ఒక కొర్రమీను ఉంటుంది, తొట్టె గోడకి అద్దం ఆనిస్తారు. చేప తన నీడని పరాయి చేప అనుకుని రెక్కలు విప్పి మీద పడుతుంది. పది నిమిషాల్లో ఎన్నిసార్లు పొడిచిందో సుందరి బయట కూర్చుని లెక్కపెట్టి కాగితం మీద వెయ్యాలి. నీళ్లు ఇరవై ఎనిమిదిలో ఉంటే ఆరుసార్లు. ముప్పై నాలుగుకి పెంచితే డెబ్భై. ముక్కు చితికి రక్తం వచ్చినా ఆగదు. చేప అదే, అద్దం అదే.

"మరీ ఇంత కోపమేంటండీ దీనికి?" అని ఆమె ఒకసారి అడిగింది.

"కోపం కాదమ్మా. ఒళ్లు మండుతోంది. ఒళ్లు కాగితే ఆకలెక్కువ, ఆకలేస్తే ఎదురుగా ఉన్నదల్లా శత్రువే."

"అయితే మా ఇంట్లో కూడా ఒకటుందండి. మీ తొట్టెలో పట్టదు గానీ."

కృపావరం పగలబడి నవ్వాడు. ఆయనకి నవ్వూ ఎక్కువే, కోపమూ ఎక్కువే. అంకె ఒకటి తప్పు పడితే పెన్ను గోడకేసి కొట్టేవాడు.

ఇంట్లో ఉన్నదాని పేరు పెద్దిరాజు. అతనూ ఆ ల్యాబులోనే చెరువు పని. తెల్లారి వెళ్లి చెరువుల్లో దిగి వేడి చూడటం, నీళ్లు మార్చడం, మేత వెయ్యడం. చెడ్డవాడు కాదు. ఎండలు ముదిరితే మాత్రం మనిషి మారిపోయేవాడు. పులుసులో ఉప్పు తగ్గితే కంచం గోడకి తగిలేది. ఇంట్లో సొట్ట లేని కంచం లేదు. చెయ్యి చేసుకోలేదు గానీ, అతని అరుపులకి సుందరి ఏడాదికి మూడు నెలలు కంచం పెట్టి గుమ్మం అవతల నిలబడేది.

కృపావరం ఒక నాచులోంచి చల్లమందు తీశాడు. ఎనిమిదేళ్ల కష్టం. వేడి సంగతి ఒంటికి చేరవేసే నరాన్ని ఆ మందు నిద్రపుచ్చుతుంది. నీళ్లు ముప్పై ఆరులో ఉన్నా చేపకి ఇరవై ఎనిమిదిలో ఉన్నట్టే. మందు కలిపిన తొట్టెకి అద్దం ఆనించిన రోజున ల్యాబులో అందరూ సుందరి వెనక మూగారు. కొర్రమీను అద్దం దగ్గరికొచ్చింది. తన నీడని చూసింది. పక్కకి తిరిగి నెమ్మదిగా వెళ్లిపోయింది. పది నిమిషాలయ్యాక సుందరి కాగితం మీద సున్నా వేసింది. కృపావరం ఆ సున్నాని వేలితో తడిమి కళ్లొత్తుకున్నాడు.

ఆ మర్నాడు సుందరి ఇంకొకటి చూసింది. ఒక పొడుగు తొట్టె ఉంది. ఒక చివర నీళ్లు కాగుతుంటాయి, రెండో చివర చల్లగా ఉంటాయి. మందు లేని చేపలు చల్లటి చివరికి పారిపోయి గుంపుగా దాక్కునేవి. మందు పడ్డవి మాత్రం వేడి చివరే హాయిగా నిలబడ్డాయి. అటుగా అద్దం పెట్టి లెక్కపెట్టింది. సున్నా. భోజనం చేసి వచ్చేసరికి మూడు చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. కాగితంలో పోట్ల గడి ఒక్కటే ఉంది, చావు రాయడానికి గడి లేదు. ఆమె సున్నాలని సున్నాలుగానే ఉంచేసింది. చచ్చిన చేపకీ చల్లబడ్డ చేపకీ కాగితం మీద ఒకటే అంకె. కృపావరంతో చెబుదామని గుమ్మం దాకా వెళ్లింది. లోపల ఆయన ఫోన్‌లో ఎవరికో, "సాధించామండీ, సాధించాం," అంటూ చిన్నపిల్లాడిలా గెంతుతున్నాడు. ఆ సంతోషం మీద నీళ్లు చల్లలేక వెనక్కి వచ్చేసింది.

చెరువుల్లో మందు కలిపే పని పెద్దిరాజుకి అప్పగించారు. ఒంటినిండా వేసుకునే రబ్బరు తొడుగు ఇచ్చారు. నలభై అయిదు డిగ్రీల ఎండలో ఆ తొడుగు వేసుకుని ఎవడుంటాడు? రెండో రోజే విప్పి గట్టున పడేసి లుంగీతో దిగాడు. చేపకి చర్మంలోంచి ఎక్కే మందు మనిషికి ఎక్కదా? వారం తిరిగేసరికి గోళ్లు పచ్చబడ్డాయి. రెండో వారానికి అరుపులు పోయాయి.

సుందరి మొదట దేవుడికి దణ్ణం పెట్టుకుంది. నిజం దాచడమెందుకు, ఆ నెల రోజులూ ఆమె పెళ్లయ్యాక ఎన్నడూ ఎరగనంత సుఖపడింది. ఉప్పు తగ్గినా బాగుందన్నాడు. కూర మాడినా బాగుందన్నాడు. వెంకాయమ్మ మాత్రం అనుమానంగా చూసింది.

"ఏం పెట్టావే వాడికి? నా కొడుకు ఇలా ఉండడు. తొమ్మిది నెలలు కడుపులో ఉన్నప్పుడే తన్నాడు నన్ను."

ఒకరోజు మరిగే పాలగిన్నె పెద్దిరాజు వట్టి చేతులతో దించాడు. తాపీగా దించి, తాపీగా గట్టు మీద పెట్టాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. వాటిని చూసి, "అరె," అన్నాడంతే.

ఆ రోజునుంచి సుందరి అతనికి కోపం తెప్పించాలని చూసింది. కావాలని పులుసులో గుప్పెడు ఉప్పు వేసింది. వెంకాయమ్మ ఒక్క ముద్ద తిని ఉమ్మేసి, "చంపుతావేంటే మమ్మల్ని!" అని లేచిపోయింది. పెద్దిరాజు కంచం ఖాళీ చేశాడు. అత్తని తిట్టింది, అతని వంశాన్ని తిట్టింది, పెళ్లినాడు అతను తొడుక్కున్న అరువు చొక్కా సంగతి ఎత్తింది. పూర్వమైతే ఆ చొక్కా మాటకి వీధి వీధంతా లేచేది. చివరికి ఏడుస్తూ సొట్టల కంచం అతని చేతిలో పెట్టింది.

"విసురు మావా. గోడకేసి కొట్టు. ఒక్కసారి. నీకు దణ్ణం పెడతాను."

"ఎందుకే? మంచి కంచం," అన్నాడు పెద్దిరాజు. తుడిచి అరలో పెట్టాడు.

గోడకి వేలాడే అద్దంలో సుందరి అతన్ని చూసింది. అతను తన నీడకేసి ఒకసారి చూసుకుని నెమ్మదిగా పక్కకి తిరిగాడు. ఆమె వేళ్లు వాటంతట అవే చీర కొంగు మీద సున్నా చుట్టాయి.

ఇంతలో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. వానలు పడేలోగా కొల్లేరు మొత్తానికి మందు వెయ్యాలి. చల్లమందు ముప్పై అయిదు దాటిన నీళ్లలోనే కరుగుతుంది, అంచేత నడి మధ్యాహ్నమే వెయ్యాలి. దోనెలో తిరుగుతూ నీళ్ల వేడి చూస్తూ పీపాల్లోంచి వంచుకుంటూ పోవాలి. మొదటిరోజు వెళ్లిన కూలీల్లో ఇద్దరు వడదెబ్బకి పడిపోయారు. మిగతావాళ్లు రాలేమన్నారు. ఆ ఎండలో నిలవగల మనిషి ఒక్కడే మిగిలాడు. అడిగితే సరేనన్నాడు. ఇప్పుడు దేనికైనా సరేననేవాడు.

సుందరి పరుగున కృపావరం గదికి వెళ్లింది. ఏడేళ్లలో మొదటిసారి తలుపు తట్టకుండా లోపలికి తోసుకుపోయింది.

"బాబుగారూ, ఆయన్ని పంపకండి. మీ కాళ్లు పట్టుకుంటాను. నేను మీ దగ్గర ఒకటి దాచానండి. పొడుగు తొట్టెలో చేపలు చచ్చిపోయాయి. మందేసినవి వేడినుంచి పారిపోలేదండి, అక్కడే నిలబడి చచ్చిపోయాయి. నేను సున్నా వేసేశాను. అవన్నీ మంచి సున్నాలు కావండీ!"

పెన్ను గోడకి తగులుతుందని ఎదురుచూసింది. తగిలితే బతికిపోతానని ఎదురుచూసింది.

"పర్లేదమ్మా," అన్నాడు కృపావరం.

అప్పుడు చూసింది. గదిలో ఫ్యాను తిరగడం లేదు. కిటికీ మూసి ఉంది. ఆయన చొక్కా వంటికి అతుక్కుపోయి చెమట మోచేతుల మీదుగా కాగితాల మీద కారుతోంది. ముందు పొగలు కక్కే టీ.

"ఫ్యాను వేసుకోలేదేంటండీ?"

"అవసరం అనిపించలేదమ్మా. చల్లగానే ఉందిగా." టీ కప్పు చుట్టూ ఉన్న ఆయన వేళ్ల చివర గోళ్లు పచ్చగా ఉన్నాయి. "మందు మూడు వారాలకి దిగిపోతుంది. ఈ పది రోజులూ అయ్యాక మీ ఆయన్ని దూరంగా ఉంచుదాం. రైతులు ఉరేసుకుంటున్నారు సుందరీ, తెలుసుగా?"

ఆ మాట కూడా ఆయన వాన పడిందని చెప్పినట్టు చెప్పాడు. అప్పటికి సుందరికి అర్థమైంది. ఆ ల్యాబులో భయపడగలిగిన మనిషి ఇక తనొక్కతే. అద్దానికి ఇవతల కూర్చుని, నీళ్లలో చెయ్యి పెట్టని మనిషి.

"మనిషి ఒంటికి ఎంత వేడి దాటకూడదండీ?" అని మాత్రం అడిగింది.

"ముప్పై తొమ్మిది దాటితే ప్రమాదమమ్మా."

పోతూ పోతూ బల్ల మీది గాజు కడ్డీ కొంగులో దాచుకుంది.

వీధిలో వ్యాను హారను మోగింది. పెద్దిరాజు చెయ్యి కడుక్కుని సంచి భుజాన వేసుకున్నాడు.

"వెళ్తన్నా," అన్నాడు.

"అదేం మాట మావా? వెళ్లొస్తాననాలి."

పూర్వమైతే, "ఏం, పోతాననుకున్నావా? నిన్నొదిలి ఎక్కడికి పోతానే, దెయ్యంలా వస్తా!" అని విరుచుకుపడేవాడు. ఇరవై రెండేళ్లుగా ఆమె ఆ విరుపు వినే తలుపేసుకునేది.

"వెళ్లొస్తా," అన్నాడు పెద్దిరాజు, పంతులు చెప్పమన్న పాఠం అప్పజెప్పినట్టు.

వెంకాయమ్మ అరుగు దిగి వ్యాను దాకా నడిచింది. కొడుకు తల మీద చెయ్యి పెట్టి, "చల్లగా ఉండు నాయనా," అంది. అని, నాలిక కరుచుకుంది.

రోజూ మధ్యాహ్నం మూడింటికి, కొల్లేటి నడుమ లంక మీద అతనికిచ్చిన పాకలోంచి ఫోను వచ్చేది. పీపాలు తెచ్చే మోటారు పడవ వాళ్లు తప్ప అక్కడ మనిషి లేడు.

"ఎలా ఉంది మావా?"

"చల్లగా ఉంది."

"గొడుగేసుకుంటున్నావా?"

"పైనే ఉందిగా."

"వేడి చూస్తున్నావా? ఎంతుంది?"

"గంట గంటకీ చూస్తన్నా. ముప్పై ఆరున్నర."

ముప్పై ఆరున్నర! నిక్షేపంలాంటి ఒళ్లు. మర్నాడు ముప్పై ఏడు. ఆ తర్వాత ముప్పై ఏడున్నర. సుందరి ప్రతి అంకెనీ క్యాలెండరు మీద రాసుకుంది. ముప్పై ఏడున్నర రాసినరోజు భయపడి, "మావా, కాస్త నీడన కూచో," అంది. "ముప్పై తొమ్మిది దాటలేదుగా," అన్నాడు అతను. నిజమే కదా అనుకుంది. ఆ అంకెల దయవల్ల ఏడు రోజులు అన్నం తింది, నిద్రపోయింది.

ఎనిమిదో రోజు వెంకాయమ్మకి పీడకల వచ్చింది. తెల్లారకుండానే కోడలి దగ్గరికొచ్చి, "వాడికి ఫోను కొట్టవే," అని సతాయించింది. ఆరింటికి సుందరి చేసింది.

"లేచావా?"

"లేచా. వేడి కూడా చూసేశా. ముప్పై ఒకటి."

"హమ్మయ్య! బాగా తగ్గింది," అంది సుందరి. అత్తతో కూడా అదే చెప్పింది. "చల్లబడ్డాడత్తా. ముప్పై ఒకటంట."

ల్యాబుకి వెళ్లింది. పదింటికి తొట్టెలు సిద్ధం చేస్తూ కొత్త కడ్డీ ఒకటి నీళ్లలో ముంచి, తీసి, వెలుగుకి పెట్టి చూసింది.

ముప్పై ఒకటి.

తొట్టెలో నీళ్లకేసి చూసింది. కడ్డీకేసి చూసింది. బతికున్న మనిషి ఒళ్లు ముప్పై ఒకటి ఉండదు. నీళ్లుంటాయి. తెల్లారే వేళ ముప్పై ఒకటి, మధ్యాహ్నం ముప్పై ఏడున్నర ఉండేవి నీళ్లు.

ఏడేళ్లుగా ఆ ఇంట్లో, ఆ ల్యాబులో, "వేడి చూశావా?" అంటే ఒకటే అర్థం, నీళ్ల వేడి. అతను తప్పేం చేశాడు? చెప్పింది చెప్పినట్టు చేశాడు. ఆమే చెప్పలేదు. గొడుగు గురించి చెప్పింది, పొట్లాల గురించి చెప్పింది, చంకలో పెట్టుకో అన్న రెండు మాటలు చెప్పలేదు. కొల్లేటి నీళ్లు ఏ వేసవిలోనూ ముప్పై ఎనిమిది దాటవు. ముప్పై తొమ్మిది కోసం ఎదురుచూసే మనిషి ఎప్పటికీ ఒడ్డుకి రాడు.

ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. పాకలో వదిలేసి నీళ్ల మీదికి వెళ్లిపోయాడు. మళ్లీ చేసింది. పన్నెండుసార్లు చేసింది. కృపావరం గదికి పరిగెత్తి ఆయన భుజాలు పట్టుకుని ఊపింది. "పర్లేదమ్మా, సాయంత్రం పడవ వెళ్తుందిగా," అన్నాడాయన. "మీకు పర్లేదండీ! మీ అందరికీ పర్లేదు!" అని అరుస్తూ రోడ్డు మీద పడింది. ఆటో దొరికేసరికి పదకొండు దాటింది. ఒడ్డున మోటారు పడవ సరంగు చెట్టు కింద పడుకుని, "ఈ ఎండలోనా? ఇంజను పట్టుకుంటే తోలూడిపోద్దమ్మా," అన్నాడు. ఆమె మెడలోని తాడు తెంచి అతని ఒళ్లో పడేసింది. అతను బెదిరిపోయి, తాడు ఆమె చేతిలో పెట్టి లేచాడు.

కిక్కిస గడ్డి దుబ్బుల మధ్య రెండుగంటల సేపు వెతికారు. నీళ్లు అద్దంలా మెరుస్తున్నాయి. కొర్రమీనులు పైకొచ్చి గాలి పీల్చి ఏ గొడవా లేకుండా కిందికి పోతున్నాయి.

దోనె దొరికింది. పెద్దిరాజు ఖాళీ పీపాకి ఆనుకుని కూర్చున్నాడు. మొహాన ఏ బాధా లేదు. సంచి పక్కనే ఉంది. మూతి విప్పి ఉంది, గొడుగు పైనే ఉంది, ముడి విప్పలేదు. ఒళ్లో పుస్తకం, వేళ్ల మధ్య గాజు కడ్డీ. అతని చేతివ్రాత ముత్యాల్లా ఉంటుంది. పదకొండు, ముప్పై ఆరు. పన్నెండు, ముప్పై ఏడు. ఒంటిగంట, ముప్పై ఎనిమిది.

సుందరి కడ్డీ లాక్కుని, తుడిచి, అతని చంకలో పెట్టింది. నలభై మూడు.

ఆ ఎండకి శవం ఆగదని లంక మీదే దహనం చేశారు. వెంకాయమ్మని పడవలో తీసుకొచ్చి చూపించారు. సంచి మాత్రం ఇంటికి చేరింది. అందులో పొట్లాలు ఇరవై రెండూ అలాగే ఉన్నాయి.

మూడు వారాలకి, వానలు మొదలయ్యాక, కృపావరం తడుస్తూ ఆ ఇంటికి వచ్చాడు. అరుగు మీద నిలబడ్డాడు. ఏదో చెప్పబోయి, నోరు తెరిచి, పెద్దగా ఏడవడం మొదలెట్టాడు. గోళ్లు తెల్లబడ్డాయి ఆయనకి. సుందరి లోపలికి వెళ్లి సొట్టల కంచం తెచ్చి ఆయన కాళ్ల దగ్గర విసిరికొట్టింది. ఆ చప్పుడుకి వెంకాయమ్మ లోపల్నుంచి, "వచ్చాడా?" అంది.

పెద్దిరాజు మళ్లీ ఇంటికి రాలేదు. అతను పోయింది రెండువేల నలభై ఒకటి, మే నెల, ఇరవై నాలుగో తేదీ, శుక్రవారం, మధ్యాహ్నం ఒంటిగంట దాటాక.